బియ్యప్పిండి సీజను

మా ఆవిడ కోడిని తింటుంది గానీ, మొహం తెలిసిన కోడిని తినదు. పెళ్ళైన కొత్తలో ఈ సంగతి తెలిసినప్పుడు నవ్వుకున్నాను. అది నవ్వాల్సిన విషయం కాదని ఐర్లండు వచ్చి, ఎన్నిస్ అనే చిన్న పట్నం అవతల పొలాల మధ్య ఒక పాత రాతి ఇంట్లో కాపురం పెట్టాక తెలిసొచ్చింది.

ఆ ఇంట్లోకి మేం ఇష్టపడి వెళ్ళలేదు. నేను షానన్ వైపు వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరుని. ఎన్నిస్‌లో అద్దె ఇల్లు కోసం తిరిగి తిరిగి తల ప్రాణం తోకకొచ్చాక ఇది దొరికింది. గోడలు మూరెడు మందం. ఆ మందం చలిని బయట ఆపడానికి కాదు, లోపలికొచ్చింది బయటికి పోకుండా కాపాడటానికని మొదటి వారంలోనే అర్థమైంది. డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో కొత్త ఇళ్ళు కొనుక్కున్న స్నేహితులు వీడియో కాల్‌లో పొట్టి చేతుల చొక్కాలతో కనిపిస్తే, మేమిద్దరం ఉన్ని టోపీలు పెట్టుకుని మాట్లాడేవాళ్ళం. ఇల్లు మొత్తంలో వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, వేణ్ణీళ్ళ ట్యాంకు ఉండే అలమర. ఇక్కడ దాన్ని హాట్ ప్రెస్ అంటారు. అందులో మా ఆవిడ దోసెల పిండి పులియబెట్టేది. పిండికి దొరికిన సుఖం నాకు దొరకలేదని చాలాసార్లు అన్నాను. పిండి ఆఫీసు నుంచి వచ్చి విసుక్కోదని ఆవిడ అనేది.

ఆవిడకి ఆ ఇంట్లో ఉన్న గొడవ చలితో కాదు, వానతో. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషి. పొద్దున్నే వాకిట్లో ముగ్గు పడకపోతే ఆవిడకి తెల్లవారినట్టు ఉండదు. అదీ సుద్ద ముగ్గు కాదు. బియ్యప్పిండితోనే వెయ్యాలి, చీమలూ పిట్టలూ తినాలి, వాళ్ళమ్మ అలాగే నేర్పింది. ఇంటి ముందున్న రాతి మెట్టు మీద వేస్తే, ఆవిడ నడుం ఎత్తేలోపే వాన వచ్చి కడిగేసేది. మొదటి ఏడాది వానతో పోట్లాడింది. రెండో ఏడాది గొడుగు పట్టుకోమని నన్ను నిలబెట్టింది. మూడో ఏడాది వాకిలే మార్చేసింది. ఇంటి వెనక పూర్వం గడ్డి దాచుకున్న పెద్ద రేకుల షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. కింద గచ్చు, పైన కప్పు, మూడు వైపులా గోడలు. అక్కడ ఎంత పెద్ద ముగ్గు వేసినా వానకి అందదు. ఇంటి వెనక వాకిలేమిటని నేను అడిగితే, ఈ దేశంలో ముందుకీ వెనక్కీ తేడా ఏముంది, ఎటు చూసినా ఆవులేగా అంది.

ఇంటి యజమాని ఆ ఇంట్లోనే పుట్టిన పెద్దాయన. భార్య పోయాక రోడ్డు అవతల చిన్న బంగళా కట్టుకుని వెళ్ళిపోయాడు. ఇల్లు అప్పగించేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒకటే. నవంబరు నుంచి జనవరి ఆఖరుదాకా వేట సీజను. ఆదివారాలు ఊరి గన్ క్లబ్బు వాళ్ళు తుపాకులతో, కుక్కలతో పొలాల్లో తిరుగుతారు, కంగారు పడకూడదు. నేను గ్రాండ్ అన్నాను. సరే అనడానికీ, బాగుందనడానికీ ఇక్కడ అదే మాట. ఈ దేశం వచ్చాక నాకు బాగా పట్టుబడ్డదీ అదే. వాన పడుతుందన్నా గ్రాండ్, బాయిలర్ పాడైందన్నా గ్రాండ్.

కానీ లోపల నాకేమీ గ్రాండ్‌గా లేదు. హన్మకొండలో బస్సెక్కితే దిగేలోపు పక్క సీటువాడి మేనత్తది ఏ ఊరో కూడా తెలిసేది. ఇక్కడ మూడు శీతాకాలాలు గడిచినా, ఆ ఊరికీ నాకూ మధ్య ఉన్న బంధుత్వం ఒక వేలు మాత్రమే. ఎదురుగా కారు వస్తే స్టీరింగు మీంచి చూపుడు వేలు ఎత్తుతారు, మనమూ ఎత్తాలి. అంతటితో పలకరింపు అయిపోయినట్టు. నేనెవరో, నా పేరేమిటో అడిగిన పాపాన పోలేదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కొట్టులో పాలు కొనుక్కుంటూ, ఎవరైనా ఒక్క మాట ఎక్కువ మాట్లాడతారేమోనని చిల్లర మెల్లగా ఏరుకునేవాణ్ణి. ఒంటరితనం మనిషిని ఎంతకి దిగజారుస్తుందో నాకు తెలుసు.

అందుకే ఆ అక్టోబరులో పెద్దాయన మా తలుపు తట్టి, క్లబ్బుకి మనుషులు తక్కువయ్యారు, ఆదివారాలు బీటర్‌గా వస్తావా అని అడిగితే నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. తుపాకీ పట్టేది వాళ్ళే. బీటర్ అంటే కర్ర పట్టుకుని పొదల్లో నడుస్తూ, కొడుతూ, అరుస్తూ ఫెజెంట్లని పైకి లేపేవాడు. ఫెజెంట్ అంటే నెమలికీ కోడికీ మధ్యలో ఆగిపోయిన పిట్ట. పుంజుకి ఎర్రటి మొహం, మెడకి తెల్ల పట్టీ, రాగిరంగు ఒళ్ళు, బారెడు తోక. క్లబ్బువాళ్ళు వేసవిలో పిల్లల్ని పెంచి పొలాల్లో వదులుతారు, నీలం డ్రమ్ముల్లో గోధుమలు పోసి చెట్లకి వేలాడదీసి మేపుతారు, సీజన్లో పుంజుల్ని మాత్రం కొడతారు. పెట్టల జోలికి పోరు. ఇదంతా పెద్దాయన చెబుతుంటే నేను అప్పటికే మనసులో గసగసాలూ కొబ్బరీ నూరుతున్నాను.

మొదటి ఆదివారం ఫ్యాక్టరీలో ఇచ్చిన పసుపుపచ్చ మెరిసే కోటు వేసుకుని వెళ్ళాను. తుపాకుల మధ్య నడిచేవాడు అందరికీ కనబడటమే క్షేమమని నాలోని క్వాలిటీ ఇంజనీరు చెప్పాడు. వాళ్ళందరూ ఆకూ మట్టీ రంగుల్లో ఉన్నారు. నా కోటు వంక చూశారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, గ్రాండ్ అన్నారు. ఏమని అరవాలో ఎవరూ చెప్పలేదు. చేతికి కర్ర వచ్చేసరికి చిన్నప్పటి బస్టాండు గుర్తొచ్చి, "హన్మకొండ, హన్మకొండ, కాజీపేట" అని అందుకున్నాను. క్లేర్ కౌంటీ పొదల్లో ఆ పిలుపు మొదటిసారి మోగింది. కుక్కలు నా వెనకే చేరాయి. పిట్ట ఒక్కటి లేవలేదు.

రెండో ఆదివారమూ లేవలేదు. మూడో ఆదివారం రెండు పెట్టలు లేచాయి, వాటిని కొట్టకూడదు. పెద్దాయన డ్రమ్ములు తెరిచి చూశాడు. పోసిన గోధుమలు పోసినట్టే ఉన్నాయి. నక్కలన్నారు, దొంగలన్నారు, పక్క ఊరి క్లబ్బువాళ్ళు ఏదో మంచి మేత పెట్టి లాక్కుపోయారన్నారు. ఆ తర్వాతి వారం నన్ను పొదల్లోకి పంపకుండా, రోడ్డు పక్క గేటు దగ్గర నిలబడమన్నారు. చాలా మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదకే నా గుండెల్లో రాయి పడింది.

ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా మా ఆవిడతో చెప్పుకున్నాను. "నెల కావచ్చె, ఒక్క పుంజు లేవలే. ఇన్నేండ్లల్ల ఎన్నడు గిట్ల కాలేదంట. నేను పోయినంకనే అయింది. నోటితోని అనరు గని, మనసుల ఉంటది గద, ఈని కాలు మంచిది కాదని."

"మీ కాలు మంచిదో కాదో నాకు తెలీదు గానీ, ఆ బురద మాత్రం బయటే కడుక్కుని రండి," అంది ఆవిడ.

మామూలుగా అయితే నన్ను ఓదార్చేది, లేకపోతే కనీసం తిట్టేది. ఆ రెండూ చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను అప్పుడే అనుమానించాల్సింది. కానీ కాలు మంచిది కాదన్న దిగుల్లో పడినవాడికి భార్య మొహం చూసే తీరికెక్కడిది? క్రిస్మస్ వచ్చింది, పోయింది. ప్రతి ఆదివారం పసుపు కోటు వేసుకుని గేటు దగ్గర కాపలా కాసేవాణ్ణి. క్లబ్బువాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చి, పాపం, నన్ను చూసి నవ్వేవాళ్ళు. వచ్చే సీజనుకి నన్ను పిలవరని నాకు తెలిసిపోయింది. మళ్ళీ ఒక వేలు బతుకే.

జనవరిలో నాకు జ్వరం తగిలి, గొంతు పోయి, ఒక పనిరోజు ఇంట్లో పడుకోవాల్సి వచ్చింది. శీతాకాలంలో నేను చీకట్లో ఆఫీసుకి వెళ్ళి చీకట్లో వస్తాను. శనివారాలు లిమరిక్ వెళ్ళి సామాన్లు కొనడం, ఆదివారాలు గేటు. అందుచేత పొద్దుటి వెలుగులో మా పెరడు చూసి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు. ఆ రోజు మేడమీద గదిలోంచి, మంచినీళ్ళు తాగుతూ, వెనక కిటికీలోంచి చూశాను.

షెడ్డులో మా ఆవిడ ఉన్ని టోపీ పెట్టుకుని, గొంతుక్కూర్చుని, మెలికల ముగ్గు వేస్తోంది. చుట్టూ ఎర్ర మొహాలూ తెల్ల పట్టీలూ వేసుకుని, ఊరి గన్ క్లబ్బు ఆ ఏడాది వదిలిన పుంజులన్నీ నిలబడి ఉన్నాయి. ముగ్గు పూర్తయ్యేదాకా ఆగడం కూడా నేర్చుకున్నాయి. ఒకటి తొందరపడి మెలిక మీద కాలు పెడితే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, అందరికన్నా ముందు నీకేమిటని కసిరింది. అది వెనక్కి తగ్గింది. ఇరవై ఏళ్ళ కాపురంలో నేను తగ్గేది కూడా అచ్చం అలాగే. ముగ్గు అయిపోగానే ఆవిడ లేచి, కొంగులోంచి నూకలు తీసి నాలుగు వైపులా చల్లింది. ఇక చూడాలి ఆ తోకల ఊపు.

జ్వరం సంగతి మర్చిపోయి మెట్లు దిగాను. గొంతు లేదు కాబట్టి కేకలు వెయ్యలేకపోయాను, గుసగుసగా పోట్లాడాను. అవి క్లబ్బువాళ్ళ పిట్టలని నీకు తెలియదా అన్నాను. తెలుసంది. ఎప్పటి నుంచంటే, మీరు మొదటి ఆదివారం వెళ్ళొచ్చి పోలికలు చెప్పినప్పటి నుంచంది. మరి నాకెందుకు చెప్పలేదు?

"చెబితే మీ మొహంలో దాగుతుందా? పొద్దున్నే వాకిట్లోకొచ్చి నా చేతి పిండి తినేవాటిని పట్టించమంటారా?"

"నేను రెండు నెలల సంది నా కాలు ఖరాబని ఏడుస్తున్న. నువ్వు చూసుకుంట ఉన్నవు."

కాలు మంచిది కాదని వాళ్ళెవరూ అనలేదు, అనుకున్నది మీరేనంది ఆవిడ. ఆపైన, చెప్పాలనిపిస్తే వెళ్ళి చెప్పండి, నేనేమీ అనుకోను అని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఇంటి నుంచే చేసే తన ఆఫీసు పని మొదలుపెట్టింది. ఏమీ అనుకోను అని మా ఆవిడ అన్నప్పుడు ఎంత అనుకుంటుందో నాకు తెలుసు.

ఆ వారమంతా కారులో నాలో నేను రిహార్సల్ వేసుకున్నాను. ఒక్క మాట చాలు. పిట్టలు మా షెడ్డులో ఉన్నాయని చెబితే నా కాలికి పట్టిన మచ్చ పోతుంది, ఊళ్ళో మనిషినవుతాను. కానీ చెప్పాక ఆ షెడ్డులో ఆవిడ ఎవరి కోసం ముగ్గు వేస్తుంది? ఇంటికి వచ్చేసరికి మాట గొంతులోనే ఉండిపోయేది. జ్వరం తగ్గినా గొంతు రాలేదని ఆఫీసులో చెప్పుకున్నాను.

ఆ ఆదివారం కూడా ఉత్త చేతులే. వేట అయ్యాక పబ్బులో అందరూ సూపు తాగుతుండగా పెద్దాయన నా వైపు తిరిగాడు. ఇంక మిగిలింది ఒక్క ఆదివారం. మీరు కాపురమున్నారని ఇన్నాళ్ళూ మీ ఇంటి వెనక పొలం వదిలేశాం. మీకు, మీ ఇంటావిడకి అభ్యంతరం లేకపోతే అక్కడా ఒకసారి చూస్తామన్నాడు. అందరూ నా మొహం చూస్తున్నారు. ఆ ఊళ్ళో నన్ను అందరూ కలిసి ఒక మాట అడగడం అదే మొదటిసారి. నా నోరు దానంతటదే గ్రాండ్ అనేసింది.

ఇంటికెళ్ళి చెప్పాను. తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ స్టవ్వు కట్టేసి, చేతులు తుడుచుకుని, కుర్చీలో కూర్చుంది.

"ఆదివారం పొద్దున్నే వాళ్ళందర్నీ టిఫినుకి పిలవండి," అంది.

ఎందుకన్నాను.

"ఈ ఇంటికొచ్చి మూడేళ్ళు దాటింది. ఎవరూ మాట్లాడరని రోజూ ఏడుస్తారు కదా, మనం ఒక్కళ్ళనైనా కాఫీకి పిలిచామా? వాళ్ళు వేలెత్తారు, మీరూ వేలెత్తారు. పిలవండి. మన ఇంట్లో తిని, మన వాకిట్లో తుపాకీ ఎలా పేలుస్తారో నేనూ చూస్తాను."

ఆ మాట నన్ను ఎక్కడ తాకాలో అక్కడే తాకింది. మూడేళ్ళుగా ఊరు నన్ను పిలవలేదని కుమిలానే తప్ప, ఊరిని నేను పిలవలేదన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. సిగ్గేసింది.

ఆఖరి ఆదివారం తుపాకులు జీపుల్లో పెట్టి తాళాలు వేసి, బూట్లు గుమ్మం బయట విడిచి, తొమ్మిది మంది పెద్ద పెద్ద మగవాళ్ళు మా వంటింట్లో మేజోళ్ళతో కూర్చున్నారు. మేజోళ్ళు విప్పడానికి మొహమాటపడినవాళ్ళ బొటనవేళ్ళు చిల్లుల్లోంచి మమ్మల్ని చూస్తున్నాయి. మా ఆవిడ దోసెలు పోసింది, అల్లం చట్నీ పెట్టింది, మిరపకాయ బజ్జీలు వేసింది. పెద్దాయన మొదటి బజ్జీ కొరికి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, గ్రాండ్ అన్నాడు. ఇద్దరు మాత్రం దోసె మీద వెన్నా, ఆరెంజ్ జామూ అడిగారు. ఆవిడ పెట్టింది. మొహం మాత్రం అటు తిప్పుకుంది.

తొమ్మిది దాటి వెలుగు బాగా పరుచుకుంది. పిట్టల వేళ. ఆ రోజు ఆవిడ తెల్లవారక ముందే ముగ్గు వేసేసింది. నేను కిటికీకి అడ్డంగా నిలబడ్డాను. కానీ నాది అంత వెడల్పైన ఒళ్ళు కాదు. పెద్దాయన టీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళి అక్కడే ఆపాడు. ఒక్కొక్కరే లేచి కిటికీ దగ్గరికొచ్చారు. గోడ పక్క నుంచి వరసగా, తీరిగ్గా, ఎర్ర మొహాలేసుకుని ఆ ఏడాది పుంజులన్నీ షెడ్డులోకి నడిచి వెళ్తున్నాయి. పెనం మీద దోసె మాడుతున్న వాసన వచ్చినా మా ఆవిడ కదల్లేదు. అట్లకాడని రెండు చేతులతో గుండెకి అదుముకుని, వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.

అది చూశాక నాకు ఊరూ గుర్తురాలేదు, కాలూ గుర్తురాలేదు.

"మేపింది నేనే," అన్నాను. "మొదటి నుంచీ నేనే."

పెద్దాయన నా వంక జాలిగా చూశాడు. మీ కారు రోజూ ఆరున్నరకి నా కిటికీ ముందు నుంచే వెళుతుంది, అప్పటికి పిట్టలు చెట్ల మీదే ఉంటాయి, ఇవి వచ్చేది తెల్లారాక అన్నాడు. మూడేళ్ళుగా ఆ ఊళ్ళో నేనెవరికీ పట్టననుకున్నాను. నా రాకపోకలన్నీ ఆయనకి నోటికి వచ్చు.

తర్వాత ఆయన మా ఆవిడ వైపు తిరిగి, మేం గోధుమలు పోశాం, బార్లీ పోశాం, మీరేం పెడుతున్నారమ్మా అని అడిగాడు. ఆవిడ పిండి డబ్బా తెచ్చి చూపించింది. పొద్దున్నే మేం తినేముందు వాకిట్లో ఇలా వేస్తాం, చీమలూ పిట్టలూ తింటాయి, ఇక్కడ చలికి చీమలు రావు, ఇవి వచ్చాయి, వచ్చినవాటిని పొమ్మనలేకపోయాను అని చెప్పింది. ఆయన వేలితో పిండి ముట్టుకుని నాలిక మీద వేసుకున్నాడు. చాలాసేపు షెడ్డు వైపే చూశాడు. మా అమ్మ అదే షెడ్డు ముందు కోళ్ళకి ఓట్స్ చల్లేది, తను చల్లుతున్నంతసేపూ కుక్కని కూడా బయటికి రానిచ్చేది కాదు అన్నాడు.

తర్వాత బూట్లు వేసుకుంటూ, మీకేమీ అభ్యంతరం లేకపోతే ఇవాళ మేం అవతలి కొండ వైపు వెళ్తామని ఆవిడతోనే చెప్పాడు. అవతలి కొండ మీద రాళ్ళు తప్ప ఏమీ లేవని అందరికీ తెలుసు. అయినా వెళ్ళారు. నేను నా పసుపు కోటు తీసుకోబోతే, పెద్దాయన తన పాత ఆకుపచ్చ కోటు నాకు తొడిగాడు. ఆ పసుపు కోటు పక్క ఊరికి కూడా కనబడుతుంది, అందుకే కదా గేటు దగ్గర నిలబెట్టామన్నాడు. మరి గ్రాండ్ అన్నారు కదా అన్నాను. ఇంకేమంటామన్నాడు.

కొండ మీద ఒక్క పిట్ట లేవలేదు. తిరిగొచ్చి మిగిలిన బజ్జీలు ఖాళీ చేశారు.

మళ్ళీ వేసవిలో, పిల్లల్ని పొలాల్లోకి వదిలే ముందు, పెద్దాయన మా తలుపు తట్టాడు. నేను తీశాను. క్లబ్బు మీటింగు ఉందన్నాడు. వస్తానన్నాను. ఆయన కొంచెం ఇబ్బందిగా నా భుజం మీంచి లోపలికి చూసి, ఆవిడ ఉన్నారా అన్నాడు. మేత సంగతి ఆవిడకి అప్పగించారు. ఆవిడ పెట్టిన షరతులు రెండు: షెడ్డులోకి వినబడేంత దూరంలో తుపాకీ పేలకూడదు, పేలినచోట ఏం జరిగిందో తనకి చెప్పకూడదు. రెండింటికీ ఒప్పుకున్నారు. నవంబరు మొదటి ఆదివారం మా గుమ్మానికి సుతిలి తాడుతో కట్టిన రెండు పుంజులు వేలాడుతున్నాయి. ఆవిడ ఒక్కొక్క దాని మొహం పరీక్షగా చూసి, మనవి కావు, వండుకోండి అని లోపలికెళ్ళింది. ఏడాది క్రితం మనసులో నూరిన గసగసాలు అప్పుడు నిజంగా నూరాను. ఆవిడ ముక్క ముట్టలేదు గానీ, పులుసు రెండుసార్లు వేసుకుంది.

నేనిప్పటికీ బీటర్‌నే. మొన్న కొట్టులో పాలకి నిలబడితే, నా వెనక ఎవరో కొత్తాయన నన్ను చూపించి ఈయనెవరని మెల్లగా అడిగాడు. కొట్టు యజమాని తల కూడా ఎత్తకుండా, ఆయనా, ఆ బియ్యప్పిండి ఆవిడ మొగుడు అన్నాడు.

ఆ సంతోషంలో కౌంటరు మీద డబ్బులు పెట్టి, పాలు అక్కడే వదిలేసి వచ్చేశాను. దారిలో ఎదురొచ్చిన ప్రతి కారుకీ చెయ్యి మొత్తం ఎత్తి ఊపాను. పాలేవని మా ఆవిడ అడిగితే మర్చిపోయానన్నాను. కొట్టులో విన్న మాట మాత్రం చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతుంది.